పడ్రోన్ 1964 మదురో: నాలుగు శనివారాలు, నాలుగు పానీయాలు

భీమిలి గాలి (విశాఖపట్నం)
శనివారం, రాత్రి 11:12

పోయిన నెల మా బావమరిది మయామీ నుంచి వస్తూ ఐదు పడ్రోన్ కంపెనీ చుట్టలు (సిగార్లు) పట్టుకొచ్చాడు. 1964 ఆనివర్సరీ, మదురో రకం (పై ఆకు బాగా మాగి నల్లబడినది), ఎక్స్‌క్లూసివో సైజు. ఐదున్నర అంగుళాల పొడవు, లావు 50 రింగు. ఒకటి ఆ రాత్రే వాడు కాల్చేశాడు. మిగిలిన నాలుగింటికీ ఒక లెక్క పెట్టుకున్నాను: నాలుగు శనివారాలు, అదే బాల్కనీ, అదే కుర్చీ, అన్నం తిన్నాక గంటకి. పక్కన గ్లాసులో ఉన్నది మాత్రం ప్రతిసారీ వేరు. డైరీలో రాసుకున్నది ఇక్కడ పెడుతున్నా, తిట్టేవాళ్లు తిట్టండి.

ముందు చుట్ట సంగతి. నలుపలకలుగా నొక్కి ఉంటుంది, అగ్గిపెట్టెను సాగదీసినట్టు. పై ఆకు రంగు బాగా కాగిన బెల్లం పాకం రంగు. వేలితో రాస్తే కొంచెం గరుకు, కొంచెం జిడ్డు. వెలిగించకుండా వాసన చూస్తే కోకో, దాని వెనక ఎండుగడ్డి వామి. కొస కత్తిరించి ఉత్తినే పీలిస్తే ఎండుద్రాక్ష.

చుట్టని మూడు వంతులుగా చూస్తే, మొదటి వంతు: నోట్లో కోకో, ముక్కులోంచి వదిలితే మిరియాలు. చారులో వేసిన మిరియం కాదు, నూనె లేకుండా వేయించి దంచిన మిరియం. పది నిమిషాల్లో ఆ చురుకు తగ్గుతుంది. రెండో వంతు కోసమే ఈ చుట్ట కొనాలి. వేయించిన కాఫీ గింజ, అరిసెల పాకం ఒక్క క్షణం ఎక్కువ ముదిరితే ఇల్లంతా కమ్మే ఆ వాసన, నాలుక అంచుల్లో తీపి. మూడో వంతులో తీపి వెనక్కి పోయి తడి మట్టి, తోలు, చేదు చాక్లెట్ ముందుకొస్తాయి. మొత్తం గంటా పది నిమిషాలు. బూడిద ఒకటిన్నర అంగుళం రాలకుండా నిలిచింది, మంట వంకర పోలేదు.

ఇక పానీయాలు.

మొదటి శనివారం, స్కాట్లాండ్ ఐలే దీవి విస్కీ, బాగా పొగ వాసన ఉన్నది. డబ్బు దండగ. పొగ మీద పొగ. చుట్టలో ఉన్న కోకో ఎటు పోయిందో తెలీదు. ఆస్పత్రి వాసనా, బూడిదా మిగిలాయి.

రెండో శనివారం, ఓల్డ్ మాంక్, ఒక్క ఐసు ముక్కతో. మొదటి వంతులో అన్నదమ్ముల్లా కలిసిపోయారు. రెండో వంతుకి వచ్చేసరికి రమ్ము తీపి చుట్ట తీపిని మింగేసింది. జిలేబీ తిని టీ తాగితే టీ చప్పగా ఉంటుంది చూడండి, అలా.

మూడో శనివారం, ఫిల్టర్ కాఫీ. పాలు లేవు, చక్కెర లేదు, చిక్కటి డికాషన్‌లో కొంచెం వేణ్నీళ్లు. ఇదే గెలిచింది. కాఫీ చేదుగా ఉండేసరికి చుట్టలో తీపి రెండింతలైంది.

నాలుగో శనివారం, పదేళ్ల టానీ పోర్టు (పోర్చుగల్ తీపి వైను). రెండో వంతు దాకా పర్లేదు. మూడో వంతులో చుట్ట చేదెక్కాక అద్భుతం.

మీరైతే ఏం తాగుతారు?

---

కూకట్‌పల్లి కుర్రోడు (హైదరాబాద్)
ఆదివారం, ఉదయం 9:40

అన్నా మస్తు రాసినవ్. నాకొక డౌటు. మదురో అంటే వెనెజులా మదురో అనుకున్న ఇన్ని దినాలు. నల్లగ ఉంది కదా, గట్టిగ కొడతదని భయపడి తెల్ల రంగుది ఒకటి తీసుకున్న దోస్తు పెళ్లిల. ఖాళీ కడుపు మీద కాల్చిన. సగం కాకముందే చెమటలు, కండ్లు తిరిగినయ్. సల్లగ బాత్రూంల కూసున్న గంట సేపు. తెల్లదే గిట్ల చేస్తే నల్లది ప్రాణం తీస్తదా?

---

లంక పొగాకు (రాజమండ్రి దగ్గర)
ఆదివారం, మధ్యాహ్నం 2:05

తమ్ముడూ, ఆ పొరపాటు నువ్వొక్కడివే కాదు, అందరూ చేసేదేనండి. రంగుకీ ఘాటుకీ సంబంధం లేదు. చుట్టలో మూడు ఆకులుంటాయి కదా: లోపలి ఆకు, దాన్ని పట్టి ఉంచే ఆకు, పై ఆకు. తలకెక్కేది చాలామటుకు లోపలి ఆకు. మొక్క కొసన, బాగా ఎండ తగిలే చోట కాసిన దళసరి ఆకుల్ని స్పానిష్ వాళ్లు లిగెరో అంటారు. అది ఎక్కువ పడితే పై ఆకు పాలలా ఉన్నా కొడుతుంది. నీకు తగిలింది అదే. పైగా ఖాళీ కడుపు. ఈసారి కళ్లు తిరిగితే నోట్లో బెల్లం ముక్క వేసుకుని మంచినీళ్లు తాగి పడుకో.

ఇక ఆ మాట గురించి. స్పానిష్‌లో మదురో అంటే పండినది. మన గోదావరి లంకల్లో అయితే 'మాగిన ఆకు' అంటాం, అంతేనండి. మా తాత లంక పొగాకు పండించాడు. ఆరిన ఆకుని మండె (ఒత్తుగా పేర్చిన కుప్ప) వేసేవారు. లోపల దానంతట అదే వేడెక్కుతుంది, చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. వేడి మరీ పెరక్కుండా మండె విప్పి లోపలిది బయటికి, బయటిది లోపలికి తిరగేసి మళ్లీ వేసేవారు. ఆ రోజుల్లో అటెళ్తే కళ్లు మండేవి, అది అమ్మోనియా. నికరాగువాలో పిలోన్ అని వేసేదీ ఇదే మండె. మదురో కోసం ఇంకా ఎక్కువ వేడిలో, ఇంకా ఎక్కువ కాలం మాగబెడతారు. పల్చని ఆకు ఆ వేడికి చిరిగిపోతుంది, అందుకే దళసరి ఆకు కావాలి. కనెక్టికట్ బ్రాడ్‌లీఫ్ గానీ, మెక్సికోలో వెరాక్రూజ్ వైపు పండే సాన్ ఆండ్రెస్ గానీ వాడేది అందుకేనండి. మాగేకొద్దీ పొగరు దిగుతుంది, రంగు ఎక్కుతుంది, నోటికి మెత్తన. పచ్చి అరటికాయకీ మాగిన పండుకీ ఉన్న తేడా అనుకోండి.

దొరల కాలంలో మన లంకల ఆకుతో చుట్టిన ఘాటు చుట్టని ఇంగ్లీషులో 'లంకా' అనే పిలిచేవారు. మద్రాసు ప్రెసిడెన్సీలో దానికి బాగా గిరాకీ ఉండేది. చెరూట్ అన్న మాట కూడా అరవం సురుట్టు నుంచి వెళ్లిందే. రాజమండ్రిలో 1947లోనే పొగాకు పరిశోధనా కేంద్రం పెట్టారు. క్యూబా, నికరాగువా అంటూ నోళ్లు తెరుస్తాం గానీ చుట్ట మనకి పరాయిదేం కాదండి, ఆయ్.

---

సింగిల్ మాల్ట్ సూరి (బెంగళూరు)
ఆదివారం, సాయంత్రం 6:30

భీమిలి గాలి గారూ, మీరు విస్కీకి అన్యాయం చేశారు. పొగ విస్కీ ఒకటి పెట్టి విస్కీ జాతినంతా ఓడించేశారు. పొగ వాసన వచ్చేది బార్లీని పీటు (చిత్తడి నేలల్లో తవ్వి ఎండబెట్టే మట్టి) మంట మీద ఆరబెట్టడం వల్ల. అన్ని విస్కీలకీ అది ఉండదు. షెర్రీ (స్పెయిన్ వైను) పీపాల్లో ఊరిన, స్కాట్లాండ్ స్పేసైడ్ వైపు మాల్ట్ విస్కీ తీసుకోండి. దాంట్లో ఉండేదే ఎండుద్రాక్ష, ఖర్జూరం, దాల్చినచెక్క. మీ రెండో వంతులో ఉన్నదీ అదేగా.

మన దేశపువే కావాలంటే గోవా పాల్ జాన్ బ్రిలియన్స్, పీటు లేనిది. అమృత్ ఫ్యూజన్‌లో మన బార్లీతో పాటు స్కాట్లాండ్ పీటు బార్లీ కూడా కలుస్తుంది, కాబట్టి దాన్ని చివరి వంతుకి దాచుకోండి. ఏది తాగినా రెండు మూడు చుక్కల నీళ్లు వేయండి. పీపాలోంచి నేరుగా సీసాకెక్కిన అరవై శాతం సరుకు నీళ్లు లేకుండా తాగితే నాలుక మొద్దుబారుతుంది, ఆ తర్వాత పడ్రోన్ అయినా బీడీ అయినా ఒకటే.

---

భీమిలి గాలి
ఆదివారం, రాత్రి 8:15

> పొగ విస్కీ ఒకటి పెట్టి విస్కీ జాతినంతా ఓడించేశారు

ఒప్పుకున్నా. కానీ నాకు ఒక సంగతి తేలింది. షెర్రీ పీపా విస్కీ, రమ్ము, పీఎక్స్ అనే బాగా తీపి షెర్రీ, వీటన్నిటిలోనూ చుట్టలో ఉన్న రుచే ఉంది కాబట్టి జత కుదురుతుందని అందరూ రాస్తారు. నాకు ఉల్టాగా అనిపించింది. ఉన్నదే మళ్లీ పోస్తే ఉన్నది కనబడకుండా పోతుంది. మదురోకి కావలసింది తీపి స్నేహితుడు కాదు, తీపిని బయటికి లాగే చేదో వగరో. పప్పులో ఉప్పు ఎక్కువైతే మనం ఇంకో ఉప్పు పచ్చడి వేసుకోం కదా.

---

ట్యాంపా తాతయ్య (ఫ్లోరిడా)
సోమవారం, ఉదయం 5:50 (మీకు)

బాబూ, ముప్పై ఏళ్లుగా ఇక్కడ ఉంటున్నాను. మా ఊళ్లో ఈబోర్ సిటీ అని పేట ఉంది, 1880ల్లో ఈబోర్ అనే ఆయన చుట్టల ఫ్యాక్టరీలు పెట్టి లేపిన పేట. సాయంత్రం నడకకి వెళ్తే ఇప్పటికీ బల్ల ముందు కూర్చుని చుట్టేవాళ్లు కనిపిస్తారు. కాబట్టి రెండు మాటలు చెప్పే హక్కు ఉందనుకుంటాను.

పడ్రోన్ పెద్దాయన హొసే ఒర్లాండో, క్యూబాలో పినార్ దెల్ రియో వాడు. మయామీకి శరణార్థిగా వచ్చాడు. చేతిలో పని లేకపోతే ఒక స్నేహితుడు సుత్తి ఇచ్చాడు. దాంతో వడ్రంగం చేసి 600 డాలర్లు కూడబెట్టి 1964లో కొట్టు పెట్టాడు. ఆ సుత్తి బొమ్మ ఇప్పటికీ వాళ్ల గుర్తు. తర్వాత నికరాగువా ఆకు చూసి అక్కడికి మారాడు. 1978 అల్లర్లలో అక్కడి ఎస్తెలీ ఊళ్లో ఆయన ఫ్యాక్టరీ తగలబడింది. అదే ఏడాది క్యూబా పాలకుడు కాస్ట్రోతో మాట్లాడి ఖైదీల్ని విడిపించే బృందంలో వెళ్లినందుకు మయామీలో సొంత జనమే కోపగించి బాంబులు పెట్టారు. 1985లో అధ్యక్షుడు రీగన్ నికరాగువా సరుకు అమెరికాకి రాకుండా ఆపేశాడు. ఇన్నిటి తర్వాత, కంపెనీకి ముప్పై ఏళ్లు నిండిన 1994లో వచ్చింది నువ్వు కాల్చిన 1964 సిరీస్. ఆకు మొత్తం నికరాగువాదే, నాలుగేళ్లైనా ఊరాకే చుట్టేది. పెద్దాయన 2017 డిసెంబరులో పోయాడు. ఆయన పుట్టిన ఏడాది పేరుతో 1926 అని ఇంకో సిరీస్ ఉంది, అందులో ఆకు ఐదేళ్లు ఊరుతుంది. నాకైతే 1964 మదురోయే ముద్దు. 1926 పండగ భోజనం, ఇది ఇంటి భోజనం.

ఒక జాగ్రత్త. వీటికి నకిలీలు ఎక్కువ. 1964 మీద రెండు పట్టీలుంటాయి, కింది పట్టీ మీద నంబరు ఉంటుంది. బీచుల్లో సగం ధరకి ఇస్తానన్నవాడి దగ్గర కొనకండి. నేను కొన్నాను ఒకసారి, అరటి నార కాల్చినట్టుంది.

పానీయం విషయానికొస్తే ఆ నేల ఆకుకి ఆ నేల రమ్మే. నికరాగువాలో చిచిగల్పా ఊళ్లో 1890 నుంచి ఫ్లోర్ దె కాన్యా చేస్తున్నారు. ఓల్డ్ మాంక్ అంత వెనిలా ఉండదు, తీపి తక్కువ. నీ 'ఉన్నదే మళ్లీ పోస్తే' సిద్ధాంతానికి కూడా సరిపోతుంది.

---

డాక్టరమ్మ (శ్రీకాకుళం)
సోమవారం, మధ్యాహ్నం 1:20

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. రుచుల గురించి చదవడానికి నాకూ బాగానే ఉంది, మా నాన్నగారు చుట్ట మనిషే. కానీ మా జిల్లా తీరంలో ఇప్పటికీ అడ్డపొగ తాగే ఆడవాళ్లున్నారు, మండే కొసని నోట్లో పెట్టుకుని. వాళ్ల అంగిలి చూసినదాన్ని కాబట్టి చెప్పకుండా ఉండలేను.

చుట్ట పొగ లోపలికి పీల్చం కదా, ఏం కాదు అనుకుంటారు చాలామంది. ఊపిరితిత్తులకి కొంత తగ్గుతుందేమో గానీ నోటికి, గొంతుకి కాదు. పైగా మీ చర్చంతా పక్కన మందు గురించే. పొగాకు ఒక్కటే అయితే ఒక ముప్పు, మందు ఒక్కటే అయితే ఒక ముప్పు. రెండూ కలిస్తే నోటి క్యాన్సర్ ముప్పు ఆ రెండింటి మొత్తం కంటే ఎక్కువ. కాబట్టి భీమిలి గాలి గారి ఫిల్టర్ కాఫీకే నా ఓటు, అదీ చుట్ట మానలేకపోతేనే. నోట్లో తెల్ల మచ్చ గానీ మానని పుండు గానీ ఉండి రెండు వారాలు దాటితే చూపించుకోండి.

---

భీమిలి గాలి
సోమవారం, రాత్రి 9:02

డాక్టరమ్మ గారూ, నమస్కారం. ఎదురు చెప్పడానికి నా దగ్గర మాటేం లేదు. ఇన్నాళ్లూ నెలకొకటే కాల్చేవాణ్ణి, ఈ నెల ఈ వెర్రి పరీక్ష కోసం నాలుగయ్యాయి. ఇక చాలు. అద్దంలో అంగిలి చూసుకున్నాను ఇప్పుడే.

---

కూకట్‌పల్లి కుర్రోడు
మంగళవారం, రాత్రి 10:30

డాక్టరమ్మ రాసింది చదివి భయమైతంది, అయినా ఇంకొకటి అడుగుత. అన్నా నీ చుట్టలు వైజాగ్ తేమల నెల రోజులు ఎట్ల ఆగినయ్? నా దగ్గరున్న ఒక్కటి మీద తెల్లగ ఏందో వచ్చింది. ఇంకా మా కజిన్ అమెరికా నుంచి యాభై తెస్తానంటున్నడు, ఇక్కడ ఎవలికన్న కావాల్నంటే…

---

వేదిక నిర్వాహకుడు
మంగళవారం, రాత్రి 10:41

అమ్మకాలు, పంపకాలు ఇక్కడ వద్దు. యాభై అంటే కస్టమ్స్ దగ్గర కథ వేరే ఉంటుంది, సామానులో ఊరికే వదిలేది 25 వరకే. తేమ గురించి మాట్లాడుకోండి.

---

భీమిలి గాలి
మంగళవారం, రాత్రి 11:05

తమ్ముడూ, గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో 65 శాతం తేమ ప్యాకెట్ ఒకటి. 69 వేస్తే మా ఊరి గాలికి దళసరి మదురో ఆకు తడిసి నిప్పు మాటిమాటికీ ఆరిపోతుంది. తెల్లగా వచ్చినది నూటికి తొంభై వంతులు బూజే. పూత పట్టింది, మంచి గుర్తు అని ఎవరైనా చెబితే నమ్మకు. మెత్తగా నూగులా ఉండి, తుడిస్తే మచ్చ మిగిలితే అవతల పారెయ్. ఇంకో శత్రువు పొగాకు పురుగు, వేసవిలో ఆకులోని గుడ్లు పొదుగుతాయి. కొత్తగా వచ్చినవాటిని సంచిలో బిగించి ఒక రోజు ఫ్రిజ్‌లో, మూడు రోజులు ఫ్రీజర్‌లో, మళ్లీ ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచి అప్పుడు డబ్బాలో పెడతాను. మా ఆవిడ చేపల పక్కన పెట్టనివ్వదు, అది వేరే పంచాయితీ.

---

అనంతపురం అబ్బి
బుధవారం, మధ్యాహ్నం 3:15

అందరూ రమ్మూ విస్కీ అంటాండారు, మా సీమ దాన్ని ఎవరూ తలచలేదే! నన్నారి షర్బత్ అబ్బా. సుగంధి వేరు కషాయం. అమెరికావోళ్లు చుట్టతో రూట్ బీర్ (పేరుకే బీరు, తీపి సోడా) తాగుతారని విన్యా, ఆ వాసనకి దీనికి దగ్గిర చుట్టరికం ఉంటాది. మందు లేదు, డాక్టరమ్మ కూడా సగం కోపం తగ్గిస్తాది. సోడా పోసుకుంటే ప్రతి గుక్కకీ నాలుక కడిగినట్టు. ఎవరన్నా మదురో ఉన్నోళ్లు చూసి చెప్పండి, నా కాడ చుట్ట లేదు, షర్బత్ మాత్రం ఉంది.

---

సింగిల్ మాల్ట్ సూరి
బుధవారం, సాయంత్రం 7:00

చక్కెర పాకం కదండీ అది? ఓల్డ్ మాంక్ తీపి ఎక్కువైందన్న మనిషికి షర్బత్ ఇస్తారా.

---

అనంతపురం అబ్బి
బుధవారం, రాత్రి 7:20

పాకం తక్కువ, సోడా ఎక్కువ పొయ్యి సామీ. వేరులో చిన్న వగరు ఉంటాది, అది పనిచేస్తాది.

---

లంక పొగాకు
గురువారం, ఉదయం 8:10

ట్యాంపా బాబాయ్ గారూ, మీ ఊళ్లో మన సరుకుల కొట్లో నన్నారి సీసా దొరుకుతుందేమో చూడండి. మీ దగ్గర చుట్టలకి కొదవ లేదు కదా.

మా తాత చుట్టతో ఏం తాగేవాడని నిన్న మా అమ్మని అడిగానండి. నవ్వింది. ఏమీ తాగేవాడు కాదట. పొద్దున్నే గట్టు మీద కూర్చుని కాల్చి, చెంబుడు గోదారి నీళ్లు పుక్కిలించి, కుండలోంచి చిన్న తాటిబెల్లం ముక్క తీసి బుగ్గన పెట్టుకునేవాడట. అంటే భీమిలి గాలి గారి లెక్కకి పూర్తిగా వ్యతిరేకం. తీపి చుట్ట అయ్యాక, పక్కన కాదు.

---

భీమిలి గాలి
గురువారం, ఉదయం 8:45

అయ్యాక! ఈ కోణం నాకు తట్టనే లేదు. పోర్టు మూడో వంతులో ఎందుకు బాగుందో ఇప్పుడు అర్థమైంది. అప్పటికి చుట్టలో తీపి అయిపోయి ఉంటుంది, తీపి కోసం నోరు అడుగుతుంది. రెండో వంతులో అదే పోర్టు అడ్డం. పానీయం ఏదని కాదు, ఎప్పుడని అడగాల్సింది నేను.

---

ట్యాంపా తాతయ్య
ఆదివారం, ఉదయం 6:30 (మీకు)

దొరికింది. గుజరాతీ ఆయన కొట్లో, అడుగు అరలో, దుమ్ము పట్టిన సీసా. నిన్న మధ్యాహ్నం వెనక వరండాలో కూర్చున్నాను. పడ్రోన్ 1964 మదురో, ప్రిన్సిపె సైజు, నాలుగున్నర అంగుళాలది. ఎడమ చేతి పక్కన నన్నారి సోడా, కుడి చేతి పక్కన సీసాలో రూట్ బీర్. ముసలి వయసులో ఈ పరీక్షలేమిటని మా ఆవిడ.

రూట్ బీర్ మొదటి రెండు గుక్కలకే పక్కకి పెట్టాను, మరీ చిక్కన, పిప్పరమెంటు వాసన చుట్టకి అడ్డం పడింది. నన్నారి మాత్రం వేరు. మొదటి వంతులో మిరియాల మంటని చల్లార్చింది. రెండో వంతులో కోకో వెనక తడి మట్టి వాసన ఒకటి లేచింది, చుట్టదో వేరుదో చెప్పలేను. అక్కడిదాకా బ్రహ్మాండం. చివరి వంతులో ఇంటి అలవాటు కొద్దీ నిమ్మకాయ పిండాను, అంతే, పాడైపోయింది. పులుపు తగలగానే పొగ ఇనుములా అయ్యింది. అబ్బీ, నిమ్మకాయ మాత్రం వెయ్యొద్దు.

చివర్లో తాటిబెల్లం లేదు. మా ఆవిడ డబ్బాలో మామూలు అచ్చు బెల్లం ఉంటే చిన్న ముక్క బుగ్గన పెట్టుకున్నాను.

---

అనంతపురం అబ్బి
ఆదివారం, ఉదయం 7:05

నిమ్మకాయ ఎవరు పిండమన్యారు పెద్దాయనా! సగం సీసా మిగిలింది గదా, వచ్చే వారం మళ్లా చూడు.